కాలిబాటకు పద్దు ఏది?

ప్రభుత్వ ఖర్చు అనగానే మనకు ప్రాజెక్టులు, పింఛన్లు, రైతు పథకాలు గుర్తొస్తాయి. వాటి మీద మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. నేను ఇవాళ చాలా చిన్న ఖర్చు గురించి మాట్లాడతాను. 2025-26లో మన తెలంగాణ రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్ల రూపాయలు. అందులో అడవులు, పర్యావరణానికి 1,023 కోట్లు, పర్యాటకానికి 775 కోట్లు చూపించారు. కొండ మీదికీ, లోయలోకీ మనుషులు నడిచిపోయే కాలిబాటకు ఇందులో ఏ పద్దు కింద ఎంత ఉందో కనిపెట్టడం మామూలు మనిషి వల్ల కాదు. ఆ బాటను ఎవరు బాగుచెయ్యాలి, ఎవరి డబ్బుతో చెయ్యాలి, ఎంతవరకు చెయ్యాలి? ఈ మూడు ప్రశ్నలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి.

శని, ఆదివారాలొస్తే హైదరాబాదు కుర్రకారు భువనగిరి గుట్ట మీద, దేవరకొండ ఖిల్లా మీద, రాచకొండ గుట్టల్లో బూట్లేసుకుని, వీపున సంచులు తగిలించుకుని కనబడతారు. ట్రెక్కింగ్ అంటారు. మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల జనం అదే నడకను తరతరాలుగా మొక్కు కోసం నడుస్తున్నారు. చెర్వుగట్టులో మూడు గుండ్ల సందుల్లోంచి ఒళ్లు కుదించుకుని పైకి పోతారు. నల్లగొండ పట్నంలో ఉర్సు రోజుల్లో లతీఫ్ సాబ్ గుట్ట మెట్లెక్కుతారు. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం పోతారు. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అని పేరున్న చోటు అది. ఇన్ని ఉన్నా, ఖర్చు సంగతి తేల్చుకోవాలంటే సలేశ్వరం కన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

సలేశ్వరం ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల లోపల, ఒక లోతైన లోయ. పైనుంచి నీళ్లు దూకుతుంటాయి. ఆ పక్కనే గుహలో లింగమయ్య. పూజారులు చెంచులు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2014లో రాష్ట్రం విడిపోయాక నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం నుంచి మన వైపు వచ్చిన భాగానికి ఆ పేరు పెట్టారు. 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి, నాగర్‌కర్నూల్ జిల్లాలోనూ నల్లగొండ జిల్లాలోనూ పరుచుకుని ఉంది. పులుల అడవి కాబట్టే సలేశ్వరం తోవ ఏడాదంతా మూసి ఉంటుంది. చైత్ర పున్నమికి అటూ ఇటూ కొద్ది రోజులే జనానికి అనుమతి.

శ్రీశైలం రోడ్డు మీద ఫర్హాబాద్ గేటు దగ్గర లోపలికి మళ్లితే మట్టిదారిలో బండ్లు రాంపూర్ పెంట దాకా పోతాయి. పెంట అంటే చెంచుల గూడెం. అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు నడకే. మొదట చెట్ల మధ్య రాళ్ల తోవ. తర్వాత లోయ అంచు. ఆ తర్వాత దిగుడు. కొన్నిచోట్ల ఒక పక్క నిట్టనిలువు బండ ఉంటుంది, రెండో పక్క ఏమీ ఉండదు. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు బండకు వీపానించి నిలబడాలి. నెత్తిన మూట, చంకన పిల్ల ఉన్న ఆడమనిషి ఎట్లా నిలబడుతుందో మీరే ఊహించుకోండి. పోయేవాళ్లు ‘వస్తున్నాం లింగమయ్యా’ అని కేక వేస్తారు, తిరిగొచ్చేవాళ్లు ‘పోతున్నాం లింగమయ్యా’ అంటారు. భక్తి సంగతి అటుంచితే ఆ కేకకు ఇంకో ఉపయోగం ఉందని నాకనిపిస్తుంది. మలుపు అవతల మనుషులున్నారని ఇవతలివాళ్లకు తెలుస్తుంది. జనం తమకు తామే చేసుకున్న ట్రాఫిక్ ఏర్పాటు అది. సర్కారు ఖర్చు రూపాయి లేదు.

కానీ కేకలతో అన్నీ ఆగవు. 2023 ఏప్రిల్ జాతరలో ఆ ఇరుకులో రద్దీ పెరిగి, ఊపిరాడక ప్రాణాలు పోయాయి. అడవికి ఇబ్బంది తగ్గాలని అప్పటికే జాతర రోజులు కుదించారు. రోజులు తగ్గితే జనం తగ్గుతారా? తగ్గలేదు. ఉన్న కొద్ది రోజుల్లోనే అందరూ వచ్చిపడ్డారు. ఆ వార్తలు చదివినప్పుడు చాలామంది రెండు మాటల్లో ఒకటి అన్నారు. జాతర పూర్తిగా ఆపెయ్యాలని కొందరు, అక్కడి దాకా సిమెంటు రోడ్డు వెయ్యాలని కొందరు. రెండూ తేలిక మాటలే. ఉన్న బాటను ఉన్నట్టే బాగుచెయ్యాలన్న మాట మాత్రం పెద్దగా వినబడలేదు.

బాట ఎట్లా చెడిపోతుందో ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. మనుషుల కాళ్లే దాన్ని అరగదీస్తాయనుకుంటాం. కాళ్లు చేసేది సగమే, మిగతాది వాన చేస్తుంది. జనం నడిచి నడిచి బాట పక్క నేలకన్నా రెండు వేళ్లు పల్లమవుతుంది. తొలకరిలో కురిసిన నీళ్లకు ఆ పల్లం దొరుకుతుంది. వాలున్న చోట నీరు వేగమందుకుని మెత్తమన్నును కడుక్కుపోతుంది, గులకరాళ్లు మిగులుస్తుంది. రెండో ఏడాదికి అది జానెడు లోతు కాలువ. మూడో ఏడాదికి చెట్ల వేర్లు పైకి తేలతాయి. గులకరాళ్ల మీద కాలు జారుతోందని జనం బాట వదిలి పక్కన గడ్డి మీద నడుస్తారు. కొన్నాళ్లకు ఆ గడ్డీ పోతుంది. అట్లా మూడడుగుల బాట ముప్పై అడుగుల గాయమవుతుంది. లోయ అంచున అయితే పక్కకు జరగడానికి చోటే ఉండదు. అరిగిన రాయి మీదే అందరూ కాలు పెట్టాలి, అది ఇంకా నునుపెక్కుతుంది.

దీనికి మందు పెద్దదేం కాదు. బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా, రాళ్లను పక్కపక్కన పాతాలి. రాయి మూడింట రెండు వంతులు భూమిలో ఉండాలి, పైకి నాలుగు వేళ్లు కనబడితే చాలు. బాట వెంట వచ్చిన నీరు ఆ రాళ్లకు తగిలి పక్కకు, పల్లం వైపు పోతుంది. వాలు ఎక్కువున్న చోట దగ్గరదగ్గరగా, తక్కువున్న చోట దూరదూరంగా వెయ్యాలి. అసలు పని ఆ తర్వాత ఉంది. ప్రతి వానాకాలం అయ్యాక ఆ రాళ్ల వెనక చేరిన ఒండ్రు తీసెయ్యాలి. ఒక్క ఏడాది తియ్యకపోతే నీరు రాళ్ల మీంచి దూకి మళ్లీ బాట పడుతుంది, అంతకు ముందు చేసిందంతా దండగ. సిమెంటు అక్కర్లేదు, జేసీబీ అక్కర్లేదు, అడవిలోకి అది రాకపోతేనే మేలు. గడ్డపార, పార, తట్ట, రాయిని ఏ మొగాన తిప్పి పెడితే కుదురుకుంటుందో తెలిసిన చెయ్యి ఉంటే చాలు.

ఆ చెయ్యి మన దగ్గర లేకనా? పాలమూరు కూలీ పోని రాష్ట్రం లేదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పిల్లాపాపల్తో గుడిసెల్లో ఉండి, ఊరుగాని ఊళ్లో ఆనకట్టలకు మట్టి మోశారు, కాలువలు తవ్వారు, రోడ్లకు కంకర కొట్టారు. మన గుట్టల వాలుల్లో వాటర్‌షెడ్ పనులు జరిగినప్పుడు వాన నీటికి అడ్డంగా రాతికట్టలు వేసిందీ వీళ్లే. సలేశ్వరం బాటకు కావలసిన విద్య అచ్చంగా అదే.

మరి ఇంత చిన్న పని ఎందుకు జరగదు? నా మటుకు నాకు కనిపించే కారణం లెక్కల పుస్తకంలో ఉంది. ప్రభుత్వ ఖర్చు రెండు రకాలు. కొత్తగా ఏదన్నా కడితే అది మూలధన వ్యయం. ఉన్నదాన్ని కాపాడుకుంటే రెవెన్యూ వ్యయం. మొదటిది ఆస్తి, రెండోది ఖర్చు. 2017-18కి ముందు ప్రణాళిక, ప్రణాళికేతర అనే విభజన ఉండేది. నిర్వహణలో చాలా భాగం ప్రణాళికేతరం కిందికి పోయేది, దాన్ని ఎంత తగ్గిస్తే అంత పొదుపు చేసినట్టు. ఆ విభజన పోయింది, నిర్వహణ మీద చిన్నచూపు పోలేదు. బాట మీద ఒండ్రు తీసినందుకు శిలాఫలకం వెయ్యరు. కొబ్బరికాయ కొట్టడానికి మంత్రిగారు రారు. కాంట్రాక్టరుకు అందులో మిగిలేది ఏమీ లేదు.

అదే కట్టడమైతే చూడండి. రాష్ట్రాలకు కేంద్రం యాభై ఏళ్ల గడువుతో వడ్డీ లేని అప్పు ఇస్తోంది. అది పెట్టుబడి ఖర్చుకే పెట్టాలి. 2024 నవంబర్‌లో ఆ ఖాతాలో దేశం మొత్తం మీద 40 పర్యాటక ప్రాజెక్టులకు 3,295 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. అందులో మన నల్లమల అంచున, కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు 68.10 కోట్లు వచ్చాయి. భువనగిరి కోటకు స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద 56 కోట్ల పైచిలుకు, రోప్‌వేతో సహా. కురుమూర్తి కొండకు 110 కోట్ల ఘాట్ రోడ్డు, దానికి ముఖ్యమంత్రి అదే 2024 నవంబర్‌లో శంకుస్థాపన చేశారు.

వీటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మోకాళ్ల నొప్పులతో ఉన్న ముసలమ్మ కురుమూర్తి రాయుణ్ణి చూడాలంటే రోడ్డు ఉండాల్సిందే. అయితే అదే కురుమూర్తిలో ఇంకో సంగతి ఉంది. ఏటా జాతరకు వడ్డెమాన్‌లో దళితులు స్వామికి కొత్త ఉద్దాలు కుడతారు, అవి ఊరేగింపుగా కొండకు వస్తాయి. దేవుడికి నిరుటి చెప్పులు ఈ ఏడు పనికిరావు. ఏటా కొత్తవి కావాలి. ఆ ఖర్చు ఒకసారి పెట్టి వదిలేసేది కాదని జాతర నడిపేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బడ్జెట్ రాసేవాళ్లకే చెప్పాల్సి వస్తోంది.

భువనగిరి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఆ ఏకశిల మీద పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుని పేరు మీద కోట వెలిసింది. త్రిభువనమల్లుడు ఆయన బిరుదు. ఆ గుట్ట మీద రాతి ఎక్కుడు నేర్పే బడి ఉంది. గురుకులంలో చదివే మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అక్కడే మొదట తాడు పట్టుకున్నారు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లల శిక్షణకు అయిన ఖర్చు సర్కారుదే, ప్రజల పన్నుదే. గుట్ట ఎక్కడం డబ్బున్నవాళ్ల సరదా, దానికి ప్రజాధనం ఎందుకు అనేవాళ్లకు ఈ సంగతి గుర్తు చెయ్యాలి.

అయినా ఆ ప్రశ్నలో బలముంది. మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మోసే హమాలీ సలేశ్వరం పోడు, భువనగిరి ఎక్కడు. కానీ సబ్బు కొన్నా పన్ను కడతాడు. అతని పన్నుతో ఐటీ కంపెనీ కుర్రవాడు ఆదివారం ఎక్కే గుట్టకు రెయిలింగు ఎందుకు వెయ్యాలి? ఎక్కేవాడే కట్టుకోవచ్చు కదా?

సగం ఒప్పుకుంటాను. సరదాకు వచ్చేవాడు టికెట్ కొనాలి. కొనగలడు కూడా. కోటలకూ, అభయారణ్యాలకూ ప్రవేశ రుసుము మీద జీఎస్టీ లేదు, కాబట్టి అతను కట్టింది మధ్యలో పన్ను కింద తరగదు. అయితే అది ఎక్కడికి చేరుతుందన్నది ముఖ్యం. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక సంరక్షణ ఫౌండేషన్ ఉండాలని రాశారు. పర్యాటకుల దగ్గర వసూలైన రుసుము ఖజానాలో కలిసిపోకుండా ఆ ఫౌండేషన్ ద్వారా అక్కడే ఖర్చు కావాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. అమెరికాలో కూడా 2004 చట్టం ప్రకారం జాతీయ పార్కులాంటి చోట్ల వసూలైన రుసుములో కనీసం 80 శాతం అదే చోట వాడుకుంటారు. అంత చేసినా అక్కడ బాకీ పడిన మరమ్మతులు కొండలా పెరిగి, 2020లో ఏడాదికి 190 కోట్ల డాలర్ల చొప్పున ఐదేళ్లపాటు ప్రత్యేక నిధి కోసం ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. అంత సంపన్న దేశమే ఏటా చెయ్యాల్సిన చిన్న మరమ్మతు వాయిదా వేసి తర్వాత పెద్ద బిల్లు కట్టుకుంది.

జాతరకు వచ్చేవాడి సంగతి వేరు. అతను టికెట్ కొనలేదు కాబట్టి ఏమీ కట్టలేదనుకుంటే పొరపాటు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిలు మీద 27 శాతం. కల్వకుర్తి నుంచో దేవరకొండ నుంచో డీసీఎంలో ముప్పై మంది బయల్దేరి ఫర్హాబాద్ గేటు చేరేసరికి బండి తాగిన డీజిలు మీదే ఖజానాకు ముట్టాల్సింది ముడుతుంది. కాబట్టి గేటు దగ్గర ఆపి తలకింత అని మళ్లీ వసూలు చేస్తే అది రెండోసారి వసూలు చేయడమే.

యాత్రికుడి దగ్గర పన్ను తీసుకుని బాటను పట్టించుకోకపోవడం ఈ నల్లమలకు కొత్త కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి దారిలో శ్రీశైలం ఎక్కాడు. శ్రీశైలం అప్పుడు కందనూరు, అంటే కర్నూలు, నవాబు ఏలుబడిలో ఉంది. యాత్రికుల మీద నవాబు సుంకం వసూలు చేసుకుంటున్నాడు, క్షేత్రం బాగోగులకు మాత్రం ఖర్చు పెట్టడం లేదు. వీరాస్వామయ్య ఆ సంగతి తన యాత్రా చరిత్రలో రాసుకున్నాడు. అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందు పరిస్థితి వేరు. రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. విజయనగర రాజు రెండో హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించింది. అప్పుడు పుణ్యం అన్నారు, ఇప్పుడు ప్రజాప్రయోజనం అంటున్నాం. ఎవరో ఒకరు బాట తమ బాధ్యత అనుకుంటేనే పని జరిగింది.

హమాలీ ప్రశ్నకు ఇంకో జవాబు ఉంది, నాకు అదే ముఖ్యం. ఆ బాటలు భక్తుల కోసం పుట్టలేదు, సరదారాయుళ్ల కోసమూ పుట్టలేదు. రాంపూర్, అప్పాపూర్, బౌరాపూర్ పెంటల్లో చెంచులు ఉంటున్నారు. మనం ఏడాదికోసారి నడిచే అడవి తోవల్లో వాళ్లు రోజూ నడుస్తారు. తేనెకు పోయినా, రేషను బియ్యం తెచ్చుకున్నా, పురిటి నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకుపోయినా ఆ బాటే. అభయారణ్యం నడిమధ్య ఉండే కోర్ ఏరియాలో తారు రోడ్డుకు అనుమతి దొరకదు, దొరకకపోవడంలో అర్థం కూడా ఉంది. అలాంటప్పుడు కాలిబాటే వాళ్లకు ఊరి రోడ్డు. మిర్యాలగూడ హమాలీ వాడకు సీసీ రోడ్డు అందరి పన్నుతోనే పడింది. పెంట బాటకూ అదే న్యాయం వర్తించాలి.

ఇక ఎంతవరకు బాగుచెయ్యాలన్న ప్రశ్న. అటవీ అధికారులు లోలోపల అనే మాట ఒకటుంది. బాట ఎంత బాగుంటే జనం అంత పెరుగుతారు, బాగులేకపోవడమే అడవికి రక్ష అని. కొట్టిపారేయదగ్గ మాట కాదు. 2012లో సుప్రీంకోర్టు పులుల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని కొన్ని నెలలు ఆపేసింది. తర్వాత వచ్చిన నిబంధనల్లో కోర్‌లో 20 శాతం మించి పర్యాటకానికి వాడకూడదన్నారు. అలాంటి చోట అలిపిరి బాట కట్టుకుందామంటే కుదరదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, పైన కప్పు, లైట్లు, తాగునీళ్లు, మరుగుదొడ్లు ఉన్నాయి. ఊడ్చేవాళ్లకు ప్రతి నెలా జీతం. తిరుమల తిరుపతి దేవస్థానం హుండీ వెనక ఉంది కాబట్టి సాగుతోంది. అంత ఏర్పాటున్న బాట మీదే 2023 ఆగస్టులో చిరుత ఒక చిన్నపిల్ల ప్రాణం తీసింది. అడవిని మెట్లు కట్టి ఊరు చెయ్యలేం.

కాబట్టి సలేశ్వరానికి మెట్లూ కప్పూ వద్దు, లైట్లు అసలే వద్దు. వెడల్పు చెయ్యొద్దు. లోయ అంచున మనిషి ప్రాణానికి ముప్పున్న కొన్ని చోట్ల బండలోకి దించిన ఇనుప గొట్టాల రెయిలింగు కావాలి, చేత్తో ఊపితే కదలనిది. మిగతా దారంతా నీటిని పక్కకు మళ్లించే రాళ్లు చాలు. దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ ఇరుకుల దగ్గర వంతులు పెట్టాలి. విజిలు, వైర్‌లెస్ సెట్టుతో అటొకరు, ఇటొకరు నిలబడితే అయ్యే పని. బాట ఎంతమందిని మొయ్యగలదో లెక్క కట్టి, దాన్ని బట్టి జాతర రోజులు నిర్ణయించాలి. రోజులు కుదించి జనాన్ని ఒక్కచోట కుక్కడం కన్నా, రోజులు పెంచి రోజుకింతమందే అనడం అడవికీ మనిషికీ మంచిదని నా అభిప్రాయం. కర్ణాటకలో 2024 జనవరిలో కుమార పర్వతం మీదికి జనం పోటెత్తాక రోజుకు 300 మంది అని పరిమితి పెట్టి, ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోమన్నారు. హైదరాబాదు కుర్రాళ్లు ఆ నియమం పాటించే అక్కడికి పోతున్నారు. జాతరకు ఆన్‌లైన్ పేరు పనికిరాదు. ఊరివారీగా రోజులు కేటాయిస్తే పనికొస్తుంది. మన ఊళ్లకు అది కొత్తేం కాదు, చెరువు నీళ్లకు వంతులు పెట్టుకున్నవాళ్లమే.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలో చేర్చాలి. చైత్రం అంటే ఆకు రాలి, గడ్డి ఎండి, అడవి అంటుకునే కాలం. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి దగ్గర కొండ నడకకు పోయినవాళ్లు మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. సలేశ్వరం జాతర జరిగేది సరిగ్గా అలాంటి రోజుల్లో. బీడీ పీక ఒకటి చాలు. బాటకు రెండు వైపులా ఎండుటాకు, గడ్డి ఊడ్చేస్తే అది మనిషికి దారి, మంటకు అడ్డు. అటవీశాఖ ఏటా ఫైర్ లైన్లు కొట్టడానికి ఎట్లాగూ ఖర్చు పెడుతుంది. బాటను అందులో కలిపితే రెండు పనులకు ఒకే కూలి సరిపోతుంది.

ఇప్పుడు కూలి లెక్క చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ముప్పై మంది ఇరవై అయిదు రోజులు పనిచేస్తే 2,30,250 రూపాయలు. కూలి అరవై పాళ్లు, సామాను నలభై పాళ్లు అన్న ఉపాధి హామీ లెక్కనే పట్టుకుంటే మొత్తం 3,84,000 దాటదు. అడవి పనికి 307 చాలదని పెంచుదాం. రెయిలింగు మరమ్మతు కలుపుదాం. జాతర రోజుల్లో వంతుల దగ్గర నిలబడేవాళ్ల భత్యం, నీళ్ల ట్యాంకర్లు, అంబులెన్సు, చెత్త మోత కలుపుదాం. ఏడాదికి పది లక్షలు వేసుకోండి. సోమశిలకు మంజూరైన 68.10 కోట్లను ఈ పది లక్షలతో భాగిస్తే 681 ఏళ్లు వస్తుంది. ఇవాళ్టి నుంచి అన్నేళ్లు వెనక్కి పోతే ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించిన కాలం దగ్గర తేలతాం. సోమశిల డబ్బుతో ఈ బాట ఖర్చును పోల్చడం సమంజసం కాదని ఆర్థిక శాఖవారు అంటారు. అది అప్పు, ఇది ఖర్చు. సరే, వాళ్ల మాటే నిజం. పది లక్షల ఖర్చు దొరకడం 68 కోట్ల అప్పు దొరకడం కన్నా కష్టమవడమే నాకు వింతగా ఉంది.

డబ్బు ఒక్క జేబులోంచే రావాలని లేదు. ఫౌండేషన్ దగ్గర చేరే సఫారీ, బస రుసుముల్లోంచి కొంత ఇవ్వొచ్చు. కూలి ఉపాధి హామీలోంచి రావచ్చు, 2006 ఫిబ్రవరిలో ఆ పథకం మొదలైన తొలి జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. పథకాల పేర్లు మారుతుంటాయి, పని మాత్రం మారదు. మన్ననూరులో చెంచుల కోసమే గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏ, ఉంది. పని అక్కడి పెంటల చెంచులకే ఇవ్వాలి. కాంట్రాక్టరును మధ్యలో పెట్టొద్దు. ఏ బండ వానకు కదులుతుందో, ఏ మలుపులో ఎలుగుబంటి దాటుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంజనీరుకు తెలియదు. అడవిలో పులి అడుగులు వెతికే పనికి ఇప్పటికే చెంచు యువకులను తీసుకుంటున్నారు. తమిళనాడు 2024 అక్టోబర్‌లో నలభై అడవి బాటలను తెరిచినప్పుడు దారి చూపే పని స్థానిక గిరిజనులకే అప్పజెప్పింది.

ఎప్పుడు చెయ్యాలన్నది కూడా తేలికే. వానలు వెనకబట్టాక దసరా తర్వాత ఒకసారి ఒండ్రు తియ్యడం, కామునిపున్నం నుంచి చైత్ర పున్నం దాకా ఉన్న నెలలో ఆకు ఊడ్చి, కదిలిన రాళ్లు మళ్లీ పాతి, రెయిలింగు ఊపి చూడటం. జాతర ముందు వారం కలెక్టరేటులో సమీక్ష పెట్టి ఆదేశాలిస్తే అప్పటికి చెయ్యగలిగింది మంచినీళ్ల ట్యాంకులు పెట్టడం మాత్రమే. కూలీలకు పని చూపించే కాగితం మీద సంక్రాంతి లోపు సంతకం కావాలి.